స్పిన్‌స్టర్‌లో '-స్టర్', గ్యాంగ్‌స్టర్‌లో '-స్టర్': రెండూ ఒకటేనా?

#1 పలక_బలపం

అందరికీ నమస్కారం. మా ఇంగ్లీషు–తెలుగు పదకోశంలో ప్రత్యయాలకు విడిగా ఆరోపాలు (పదకోశంలో ఒక్కో మాటకు ఇచ్చే పద్దులు) ఇస్తున్నాం. '-ఎర్', '-ఇస్ట్', '-ఈ' అయిపోయాయి. '-స్టర్' దగ్గర బండి ఆగింది. స్పిన్‌స్టర్ పెళ్లికాని ఆడమనిషి, గ్యాంగ్‌స్టర్ ముఠా మనిషి, రోడ్‌స్టర్ ఏకంగా బండి. ఈ మూడింటినీ ఒకే అర్థం కింద ఎలా చేర్చాలి? మూలం ఒకటేనా, ఏ మాటల్లో ఉన్నది అసలు '-స్టర్', ఏవి పైకి మాత్రమే అలా కనిపిస్తాయి, తెలుగులో '-కాడు', '-గాడు', '-కత్తె'లలో ఏది దీనికి తూగుతుంది, ఇవి తేలాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

#2 వ్యుత్పత్తి

మూలం ఒకటేనండీ. అర్థం మాత్రం నాలుగు సార్లు మారింది.

పాత ఇంగ్లీషులో (సుమారు 1100కు ముందు) పనిచేసేవాళ్లను చెప్పడానికి రెండు ప్రత్యయాలు జంటగా ఉండేవి. మగవాడికి '-ఎరె', ఆడమనిషికి '-ఎస్త్రె'. మొదటిది నేటి '-ఎర్', రెండోది నేటి '-స్టర్'. సుమారు 1000 ప్రాంతంలో ఆల్‌ఫ్రిచ్ అనే సన్యాసి విద్యార్థుల కోసం పాత ఇంగ్లీషులో రాసిన లాటిన్ వ్యాకరణంలో ఈ జంట పక్కపక్కనే దొరుకుతుంది. లాటిన్ 'కాంతోర్'కు 'థెస్ సంగెరె', 'కాంత్రిక్స్'కు 'థేఓస్ సంగెస్త్రె' అని అర్థం ఇచ్చాడు. 'థెస్' అంటే 'ఈ', పుంలింగం. 'థేఓస్' కూడా 'ఈ', స్త్రీలింగం. అంటే ఈ పాటగాడు, ఈ పాటకత్తె. ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కర్లేదు.

ఆ కాలపు మాటలు మరికొన్ని: రొట్టెలు కాల్చే 'బేకెస్త్రె', బట్టలు కుట్టే 'సేఆమెస్త్రె', నేసే 'వెబ్బెస్త్రె', మద్యం పోసే 'తేప్పెస్త్రె', మందూమాకూ పెట్టే మంత్రగత్తె 'లిబ్బెస్త్రె'. ఇవన్నీ పనిని బట్టి వచ్చిన పేర్లే, మంచీచెడ్డా అన్న రంగు వాటిలో లేదు.

మీ మూడో ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. పాత ఇంగ్లీషు దశకు మన '-కాడు / -కత్తె' జంట అచ్చంగా సరిపోతుంది. తర్వాతి దశలకు సరిపోదు.

#3 లైడెన్_తెలుగు

వ్యుత్పత్తి గారు చెప్పినదానికి ఒక బతికున్న సాక్షి ఉంది. డచ్చి భాషలో '-స్టర్' ఈనాటికీ స్త్రీ ప్రత్యయమే. రచయిత 'స్ఖ్రైవర్', రచయిత్రి 'స్ఖ్రైఫ్‌స్టర్'. మగనర్సు 'వెర్‌ప్లేఖర్', ఆడనర్సు 'వెర్‌ప్లేఖ్‌స్టర్'. 'వెర్క్‌స్టర్' అంటే ఇళ్లు తుడిచి శుభ్రం చేసే ఆమె. దక్షిణాఫ్రికాలోని ఆఫ్రికాన్స్‌లోనూ, ఫ్రిజియన్‌లోనూ ఇదే పద్ధతి. జర్మన్‌లో మాత్రం ఈ పనికి '-ఇన్' వాడతారు.

అయితే అన్ని క్రియలకూ ఇదే చేరుతుందనుకోకూడదు. గాయనికి డచ్చిలో మామూలు మాట 'జంగరెస్', అందులో ఉన్నది ఫ్రెంచి నుంచి వచ్చిన వేరే ప్రత్యయం. ఇంకో చిక్కు: ఇంగ్లీషు నుంచి 'గ్యాంగ్‌స్టర్', 'హిప్‌స్టర్' కూడా డచ్చిలోకి వచ్చి కూర్చున్నాయి. వాటిలోని '-స్టర్' ఆడవాళ్లను సూచించదు. ఒకే తల్లి పిల్లలిద్దరూ వేర్వేరు ఊళ్లలో పెరిగి మళ్లీ ఒకే ఇంట్లో ఉంటున్నట్టు ఉంటుంది. డచ్చి నేర్చుకునేవాళ్లు తడబడేది ఇక్కడే.

#4 అచ్చుతప్పు

మినిస్టర్, మాస్టర్, సిస్టర్, మాన్‌స్టర్, పోస్టర్, టోస్టర్... ఇవన్నీ ఇందులోకి వస్తాయా? రావని తెలుసు కానీ, అచ్చుకు పోయే ముందు ఎవరైనా వరసగా చెక్ చేసుకోవడానికి ఒక పద్ధతి ఉంటే బాగుంటుంది.

#5 వ్యుత్పత్తి

పద్ధతి ఉందండీ. ఈ వరస తప్పకుండా వెళ్తే పొరపాటు చాలా తక్కువ.

మొదట మాటను '-స్టర్' దగ్గర కాకుండా '-ఎర్' దగ్గర విడగొట్టి చూడండి. మిగిలిన మాట '-స్ట్'తో ముగిసే మంచి ఇంగ్లీషు మాట అయితే అది '-ఎర్' మాటే. పోస్ట్+ఎర్, టోస్ట్+ఎర్, రూస్ట్+ఎర్, బూస్ట్+ఎర్. ఈ మెట్టు దాటేసి నేరుగా '-స్టర్' కోసేయడం వల్లే ఎక్కువ తప్పులు దొర్లుతాయి.

తర్వాత '-స్టర్' తీసేసి చూడండి. మిగిలింది మాటగా నిలబడాలి: స్పిన్, గ్యాంగ్, యంగ్, ట్రిక్, పన్. 'మిని', 'మాన్', 'సి' నిలబడవు. మినిస్టర్, మాన్‌స్టర్ లాటిన్ మాటలు. మాస్టర్ కూడా లాటిన్ 'మగిస్తెర్' నుంచే. సిస్టర్ జర్మానిక్ బంధువాచకం, అందులో ప్రత్యయమే లేదు. ఆయిస్టర్ పాత ఫ్రెంచి నుంచి, రోస్టర్, హోల్‌స్టర్ డచ్చి నుంచి, హామ్‌స్టర్ జర్మన్ నుంచి వచ్చాయి.

ఈ రెండు మెట్లూ దాటినా మోసం చేసేవి కొన్ని ఉంటాయి కాబట్టి పెద్ద నిఘంటువులో అతి పాత రూపం చూడాలి. లాబ్‌స్టర్ దీనికి మంచి ఉదాహరణ. లాటిన్ 'లొకుస్తా' పాత ఇంగ్లీషులో 'లొప్పెస్త్రె' అయింది. విదేశీ మాట నోట్లో నలిగి, అలవాటున్న '-ఎస్త్రె' తోక తగిలించుకుంది. తోక అసలుదే, మాట మాత్రం దానితో పుట్టలేదు. అటువంటి వాటిని ఆరోపంలో ఉదాహరణగా ఇవ్వవద్దు.

ఊళ్ల పేర్లు పూర్తిగా వేరు. గ్లాస్టర్ (రాతలో గ్లౌసెస్టర్), లెస్టర్, వుస్టర్, ల్యాంకాస్టర్, మాంచెస్టర్ వీటన్నింటిలో ఉన్నది లాటిన్ 'కాస్త్రా', అంటే సైనిక శిబిరం. వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఉన్నది 'మిన్‌స్టర్', మఠానికి చెందిన చర్చి.

#6 అచ్చుతప్పు

చాలా ఉపయోగం. 'పొయటాస్టర్' సంగతేమిటి? చెత్తకవి అనే కదా అర్థం. రైమ్‌స్టర్ కూడా దాదాపు అదే అర్థం. ఇది కూడా ఆ కుటుంబమేనా?

#7 వ్యుత్పత్తి

కాదు. అది లాటిన్ '-అస్తెర్', 'పోలిక ఉంది కానీ సరైనది కాదు' అని చెప్పే ప్రత్యయం. ఒలియాస్టర్ అంటే అడవి ఆలివ్, క్రిటికాస్టర్ అంటే పసలేని విమర్శకుడు. అర్థాలు దగ్గర పడ్డాయి గనక జనం రెంటినీ కలిపేస్తారు. డిజాస్టర్‌ను మాత్రం వీటిలో దేనిలోనూ పెట్టకండి, అందులో ఉన్నది 'నక్షత్రం' అనే గ్రీకు మాట.

#8 మగ్గంగుంత

ఇంటిపేర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మధ్యయుగపు ఇంగ్లండు బట్టల పరిశ్రమ మొత్తం ఈ ప్రత్యయంలో దాక్కుంది. ఉన్ని దువ్వేది కెంప్‌స్టర్. వడికేది స్పిన్‌స్టర్. నేసేది వెబ్‌స్టర్. రంగు అద్దేది లిట్‌స్టర్. కుట్టేది సీమ్‌స్టర్. 'లిట్' అంటే రంగు వేయడం, పాత నోర్స్ (వైకింగుల భాష) మాట. అందులో 'ట్' నోట్లో కరిగిపోయి ఇంటిపేరు లిస్టర్‌గా మిగిలింది. శస్త్రచికిత్సలో క్రిమినాశకాలు ప్రవేశపెట్టిన జోసెఫ్ లిస్టర్ ఇంటిపేరు అదే, ఆయన పేరు మీద 1879లో వచ్చిన లిస్టరిన్‌లోనూ ఆ అద్దకపు మాటే ఉంది. డెక్‌స్టర్ కూడా అద్దకమే, పాత ఇంగ్లీషు 'దేఆగెస్త్రె' నుంచి. లాటిన్‌లో 'కుడి' అనే అర్థంలో ఉన్న 'దెక్స్‌తెర్'తో దీనికి సంబంధం లేదు, చాలా పిల్లల పేర్ల పుస్తకాలు ఇక్కడే తప్పు రాస్తాయి.

బట్టల బయట బాక్స్‌టర్ (రొట్టెలు), బ్రూస్టర్ (సారాయి కాదు, ఏల్ అనే బార్లీ మద్యం కాచడం). స్కాట్లండులో సాంగ్‌స్టర్.

బాక్స్‌టర్‌లో ఆ 'క్స్' ఎక్కడిదో చూస్తే ప్రత్యయం ఎలా కుదించుకుపోయిందో తెలుస్తుంది. బేకెస్త్రె, బేకెస్టెరె, బాక్‌స్టర్. మధ్యలో ఉన్న 'ఎ' మాట్లాడటంలో జారిపోయాక 'క్', 'స్' పక్కపక్కకు వచ్చాయి. ఆ రెంటినీ కలిపి ఇంగ్లీషువాళ్లు 'ఎక్స్' అక్షరంతో రాశారు. డెక్‌స్టర్‌లోనూ అంతే, అక్కడ 'గ్' ముందు 'క్'గా మారింది.

ఈ కుటుంబంలో పనివాళ్ల నోట ఇంకా బతికున్న మాట ఒకటి ఉంది: 'త్రోస్టర్'. రీలింగ్ అయిన పట్టుపోగులను మెలితిప్పి దారం చేసేవాణ్ని పట్టు వ్యాపారంలో ఇంగ్లీషులో అలాగే అంటారు. 'త్రో' అంటే ఇక్కడ విసరడం కాదు, మెలిపెట్టడం, అది ఆ క్రియకు ఉన్న పాత అర్థం. మన ధర్మవరంలో, పోచంపల్లిలో 'ట్విస్టింగ్' అంటున్న పని అదే. కాబట్టి 'సిల్క్ త్రోస్టర్' అని కనిపిస్తే 'పట్టు విసిరేవాడు' అని రాయకండి, 'పట్టుదారం మెలితిప్పేవారు' అనండి.

#9 దోసగింజ

మరి వెబ్‌స్టర్ అంటే నేతకత్తె అయితే, అమెరికా నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్ లాంటి మగవాళ్ల కుటుంబాలకు ఆ ఇంటిపేరు ఎలా వచ్చింది? తల్లి పని నుంచి వచ్చిందనుకోవాలా?

#10 మగ్గంగుంత

ఆడవాళ్లు చేసే పనులు క్రమంగా మగవాళ్ల చేతుల్లోకి పోయాయి, పేరు మాత్రం ఉండిపోయింది. ఏల్ కాచడం చూడండి. మొదట ఇళ్లలో ఆడవాళ్ల పని. 15వ శతాబ్దంలో హాప్స్ (చేదునిచ్చే ఒక తీగ పూలు) వేసి చేసే బీరు వచ్చింది. అది ఏల్ కంటే ఎక్కువ రోజులు నిలవ ఉంటుంది, దూరం పంపవచ్చు, పెద్ద పాత్రలు, పెద్ద పెట్టుబడి కావాలి. సంఘాలు పెట్టుకున్న మగవాళ్లు అందులోకి దిగారు. నాకు తెలిసి ఇంటిపేర్లకు వివరణ ఇదే.

#11 వ్యుత్పత్తి

మగ్గంగుంత గారూ, పని చేతులు మారిన మాట నిజం. ఏల్ గురించి మీరు చెప్పిన కారణాలూ సరైనవే. కానీ '-స్టర్' లింగం కోల్పోవడానికి అది చాలదండీ. కాలం కలవదు.

పాత ఇంగ్లీషులోనే, అంటే హాప్స్ బీరుకు నాలుగైదు వందల ఏళ్ల ముందే, 'బేకెస్త్రె' మగవాడికి వాడారు. బైబిల్ ఆదికాండం 40వ అధ్యాయంలో ఫారో చెరసాలలో వేసిన రొట్టెలవాడున్నాడు కదా, పాత ఇంగ్లీషు అనువాదంలో అతణ్ని 'హిస్ బేకిస్త్రె' అన్నారు. అతను మగవాడే, అందులో అనుమానం లేదు.

రెండోది భూగోళం. ఉత్తర ఇంగ్లండు, స్కాట్లండులలో '-స్టర్' తొందరగా ఇద్దరికీ చెల్లే ప్రత్యయం అయింది. దక్షిణాన చాలాకాలం ఆడవాళ్లకే మిగిలింది. 1379 నాటి యార్క్‌షైర్ తలపన్ను పట్టీల్లో వెబ్‌స్టర్ అని రాసి ఉన్న మగవాళ్లు చాలామంది కనిపిస్తారు. అప్పటికి అక్కడ అది నేతపనివాడు అనే మాట, అంతే. ఇంటిపేర్ల పంపకం కూడా ఇదే చెప్తుంది: వెబ్‌స్టర్ ఉత్తరాన ఎక్కువ, వెబ్బర్ నైరుతిన ఎక్కువ. ఒకే పనికి రెండు ప్రాంతాలు రెండు ప్రత్యయాలు ఎంచుకున్నాయి. ఉత్తరాది నేతపని మాత్రమే ఆడవాళ్ల నుంచి మగవాళ్లకు వచ్చిందని, నైరుతిలో మొదటినుంచీ మగవాళ్లదేనని చెప్పలేం కదా.

కాబట్టి నోవా వెబ్‌స్టర్ ఇంటిపేరులో నేతకత్తె అయిన ముత్తవ్వ కోసం వెతకక్కర్లేదు. ఆ పేరు ఇంటిపేరుగా స్థిరపడే నాటికి ఆ ప్రత్యయానికి లింగం లేదు.

#12 మగ్గంగుంత

ఫారో రొట్టెలవాడి ఉదాహరణ నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను. బ్రూస్టర్ గురించి ఒక్క మాట కలుపుతాను: మద్యం దుకాణాల లైసెన్సుల కోసం ఇంగ్లండులో మెజిస్ట్రేట్లు ఏటా ఫిబ్రవరిలో జరిపే సమావేశాలను 'బ్రూస్టర్ సెషన్స్' అనేవారు. 2003 లైసెన్సింగ్ చట్టం వచ్చేదాకా ఆ పేరు నడిచింది. అక్కడ బ్రూస్టర్ అంటే ఆడా కాదు మగా కాదు, ఏల్ కాచే మనిషి. మీ మాటకే బలం.

#13 లైడెన్_తెలుగు

లింగం పోయాక జరిగింది కూడా చెప్పాలి. '-స్టర్' ఇద్దరిదీ అయిపోయేసరికి ఆడవాళ్లను విడిగా చెప్పడానికి ఇంకో ప్రత్యయం కావలసి వచ్చింది. ఫ్రెంచి నుంచి వచ్చిన '-ఎస్' (గ్రీకు, లాటిన్ '-ఇస్సా') సిద్ధంగా ఉంది. సీమ్‌స్టర్+ఎస్ = సీమ్‌స్ట్రెస్. సాంగ్‌స్టర్+ఎస్ = సాంగ్‌స్ట్రెస్. ఒకే మాటకు స్త్రీ ప్రత్యయం రెండుసార్లు తగిలింది. మనం 'పాటకత్తె' అని చెప్పి, 'కత్తె' అర్థం మరిచిపోయి, దానికి మళ్లీ 'రాలు' చేర్చినట్టు.

#14 దస్తావేజు

స్పిన్‌స్టర్ ఒక్కటే ఆడవాళ్లకు ఎందుకు మిగిలిపోయిందో న్యాయవ్యవహారం వైపు నుంచి చెప్తాను. ఇది భాష ఒక్కటే చేసిన పని కాదు.

1413లో ఇంగ్లండులో ఒక చట్టం వచ్చింది. దావాలో, నేరారోపణలో ప్రతివాది పేరు పక్కన అతని హోదా గానీ వృత్తి గానీ, ఊరితో సహా రాసి తీరాలి. రాయకపోతే అభియోగపత్రం కొట్టివేసే ప్రమాదం. 'అడిషన్స్' (చేర్పులు) అనేవారు వీటిని. మగవాడికి రైతు, కసాయి, నేతగాడు అని ఏదో ఒకటి దొరుకుతుంది. ఆడమనిషికి ఏం రాయాలి? ఒక మగ్గానికి సరిపడా నూలు అందాలంటే పలువురు వడకాలి కాబట్టి ఆ కాలంలో ప్రతి ఊళ్లోనూ ఎక్కువమంది ఆడవాళ్లు చేసే పని వడకడం. గుమస్తా 'స్పిన్‌స్టర్' రాసేవాడు. పెళ్లయినామెకు 'ఫలానావాడి భార్య', భర్త పోయినామెకు 'విడో' అని వేరే గుర్తింపు దొరుకుతుంది. ఈ రెండూ లేని స్త్రీకి మిగిలింది స్పిన్‌స్టర్. 17వ శతాబ్దానికి అది వృత్తిపేరు నుంచి వైవాహిక స్థితి అయిపోయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. 16వ శతాబ్దపు అభియోగపత్రాల్లో పెళ్లయిన ఆడవాళ్లను కూడా స్పిన్‌స్టర్ అని రాసిన సందర్భాలున్నాయి. ఆ కాలపు పత్రం తర్జుమా చేస్తూ 'అవివాహిత' అని పెడితే తప్పయ్యే అవకాశం ఎక్కువ. 16వ శతాబ్దం అయితే 'వడికే స్త్రీ' అని పెట్టి కింద గమనిక ఇవ్వండి. 18వ శతాబ్దం అయితే 'అవివాహిత'. 'ముదిరిన కన్య' అనే ఎత్తిపొడుపు ఆ శతాబ్దంలోనే అంటుకుంది, కానీ చట్టపత్రంలో ఆ రంగు ఉండదు.

మనకూ ఇది తగిలింది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం షెడ్యూలులో వివాహ నోటీసు నమూనా ఉంటుంది. 'కండిషన్' అనే గడిలో మగవాడికి విడోవర్ అని, ఆడమనిషికి స్పిన్‌స్టర్ అని నింపి చూపించారు. మన దగ్గర చర్చి రిజిస్టర్లలో, పాత అఫిడవిట్లలో ఆ మాట కనిపించడానికి కారణం అది. ఇంగ్లండు, వేల్స్‌లలో 2005 డిసెంబరు నుంచి పెళ్లి పత్రాల్లో బ్యాచిలర్, స్పిన్‌స్టర్ రెండూ తీసేసి 'సింగిల్' అని పెట్టారు.

#15 పలక_బలపం

దస్తావేజు గారూ, ఇది నేరుగా ఆరోపంలోకి వెళ్తుంది. ధన్యవాదాలు. ఇప్పుడు గ్యాంగ్‌స్టర్ వైపు రండి. పని చెప్పే మాటకు నేరం వాసన ఎప్పుడు పట్టింది?

#16 వ్యుత్పత్తి

దీనికి చూడవలసింది ప్రత్యయానికి ముందున్న మాటను. పాత మాటల్లో ముందున్నది ఎక్కువగా క్రియ: స్పిన్, బేక్, బ్రూ, ట్యాప్. 16వ శతాబ్దం నుంచి నామవాచకాలకూ విశేషణాలకూ చేర్చడం మొదలైంది. గేమ్‌స్టర్, రైమ్‌స్టర్, యంగ్‌స్టర్ ఆ శతాబ్దపు మాటలు. పన్‌స్టర్, ట్రిక్‌స్టర్ 1700 ప్రాంతంలో వచ్చాయి.

క్రియకు చేరినప్పుడు 'ఆ పని చేసే మనిషి'. నామానికి చేరినప్పుడు 'దానిలో మునిగి తేలే మనిషి', 'దానితో పొట్ట పోసుకునే మనిషి'. ఆ 'మునిగి తేలడం'లోనే చులకన పుట్టింది. జూదంలో మునిగి తేలేవాడు గేమ్‌స్టర్, పద్యం పేరుతో ప్రాసలు అల్లేవాడు రైమ్‌స్టర్. ఇంకో కారణమూ ఉంది. గౌరవంగా చెప్పడానికి '-ఎర్', '-ఇస్ట్' ఉండనే ఉన్నాయి. ఒకే పనికి రెండు ప్రత్యయాలు అందుబాటులో ఉంటే ఒకటి తక్కువ రకం పనికి జారుతుంది. హక్‌స్టర్ మరీ పాతది, సుమారు 1200 నుంచి ఉంది. మొదట చిల్లర సరుకు అమ్మేవాళ్లు, తర్వాత బేరంలో ముంచేవాళ్లు.

గ్యాంగ్‌స్టర్ 1890ల అమెరికా మాట. దాన్ని చూసి మాబ్‌స్టర్ వచ్చింది. 1930ల మాంద్యంలో బ్యాంకర్ల మీద కోపంతో 'బ్యాంక్‌స్టర్' బాగా వాడుకలోకి వచ్చింది. ఇందులో కలిసింది ప్రత్యయం ఒక్కటే కాదు, గ్యాంగ్‌స్టర్ మాట మొత్తం. అందుకే దాన్ని వినగానే దొంగ అని అర్థమవుతుంది. ఫ్రాడ్‌స్టర్ 1970ల మాట, ఇంకా కొత్తది.

అలాగని '-స్టర్' అన్నచోటల్లా నింద ఉందనుకోవద్దు. యంగ్‌స్టర్‌లో లేదు. మాల్ట్‌స్టర్ (బార్లీ నానబెట్టి మొలకెత్తించి ఆరబెట్టేవారు) ఈనాటికీ గౌరవమైన వృత్తిపేరే. ఎన్నికల సర్వేలు చేసే పోల్‌స్టర్ కూడా ఇప్పుడు మామూలు మాటే.

#17 అచ్చుతప్పు

మన పత్రికల్లో గ్యాంగ్‌స్టర్ పక్కనే రౌడీషీటర్, హిస్టరీషీటర్ వస్తుంటాయి. అవి షీట్+ఎర్. '-స్టర్' కాదు. ఉదాహరణల్లో పొరపాటున కలపకండి.

#18 కోడ్‌వనం

మనుషుల్ని వదిలి వస్తువులకు ఎలా వెళ్లిందో కూడా రాయాలి. రోడ్‌స్టర్ మంచి మెట్టు. 18వ శతాబ్దంలో అది రేవు బయట లంగరు వేసి నిలిచిన ఓడ. అక్కడ 'రోడ్' అంటే రేవు బయటి నీటిచోటు. తర్వాత దారి ప్రయాణానికి పనికొచ్చే గుర్రం, ఆ తర్వాత సైకిలు, చివరికి పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల కారు. మన సైకిలు పరిశ్రమలో రోడ్‌స్టర్ అంటే ఇప్పటికీ కారు కాదు, 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు ఉండే నల్ల సైకిలు. పాలక్యాన్లు కట్టేది దానికే.

డంప్‌స్టర్ ఇంకా విచిత్రం. 1930లలో అమెరికాలోని నాక్స్‌విల్‌లో డెంప్‌స్టర్ సోదరుల కంపెనీ చెత్త డబ్బాను లారీ మీదికి యంత్రంతో ఎత్తే పద్ధతి తెచ్చింది. డంప్ అనే మాటను తమ ఇంటిపేరుతో కలిపి 'డెంప్‌స్టర్ డంప్‌స్టర్' అన్నారు. ఆ డెంప్‌స్టర్ అనే ఇంటిపేరులో ఉన్నది 'డీమ్' (తీర్పు చెప్పడం) + '-స్టర్', అంటే న్యాయమూర్తి. ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపంలో హైకోర్టు జడ్జిలను ఈనాటికీ డీమ్‌స్టర్ అనే పిలుస్తారు. న్యాయమూర్తి తోక చెత్తడబ్బాకు చేరింది.

ఇంటర్నెట్ పేర్లలో 1999లో పాటల ఫైళ్లు పంచుకోవడానికి వచ్చిన న్యాప్‌స్టర్ దారి చూపింది. 2002లో స్నేహితులను కలిపే ఫ్రెండ్‌స్టర్, అదే రోజుల్లో గ్రోక్‌స్టర్. గ్రోక్‌స్టర్ మీద 2005లో అమెరికా సుప్రీంకోర్టు కాపీరైటు తీర్పు ఇచ్చింది. ఈ పేర్లలో '-స్టర్'కు 'చేసేవాడు' అనే అర్థం దాదాపు లేదు, ఇది ఆ కోవ సైటు అని చెప్పే గుర్తు మాత్రమే.

#19 లైడెన్_తెలుగు

డీమ్‌స్టర్ డెంప్‌స్టర్ ఎలా అయిందో కూడా చెప్పేద్దాం, ఎందుకంటే ఇక్కడ స్పెల్లింగు తప్పులు ఎక్కువ. 'మ్' పలికేటప్పుడు పెదవులు మూసి గాలి ముక్కులోంచి వదులుతాం. వెంటనే 'స్' పలకాలి. ముక్కు దారి మూసుకోవడం, పెదవులు తెరుచుకోవడం ఒకేసారి జరగాలి. ముక్కు దారి ఒక్క క్షణం ముందు మూసుకుంటే, మూసిన పెదవులు తెరుచుకునేటప్పుడు 'ప్' వినిపిస్తుంది. అద్దం ముందు 'డెమ్‌స్టర్' అని నాలుగుసార్లు గబగబా అని చూడండి, ఆ 'ప్' దానంతటదే వచ్చేస్తుంది. సీమ్‌స్టర్ సెంప్‌స్టర్ అయ్యిందీ, థామ్సన్ థాంప్సన్ అయ్యిందీ ఇలాగే. హామ్‌స్టర్‌ను చాలామంది మధ్యలో 'పి' పెట్టి రాయడానికీ ఇదే కారణం. సీమ్‌స్ట్రెస్‌ను పాతకాలం ఉచ్చారణలో 'సెమ్‌స్ట్రెస్' అనేవారు. హల్లుల గుంపు ముందు దీర్ఘం కురచ కావడం ఇంగ్లీషులో మామూలే.

#20 పలక_బలపం

ఇంతవరకు చెప్పినదాన్ని పెట్టుకుని చిత్తు ఇలా రాశాను. తప్పులుంటే దిద్దండి.

-స్టర్, ప్రత్యయం. (పాత ఇంగ్లీషు -ఎస్త్రె, స్త్రీ ప్రత్యయం, డచ్చిలో నేటికీ స్త్రీలకే.) 1. ప్రాచీనం: పని చేసే స్త్రీ, -కత్తె. సంగెస్త్రె = పాటకత్తె. 2. పని చేసే వ్యక్తి, లింగభేదం లేదు: మాల్ట్‌స్టర్, టీమ్‌స్టర్ (లారీ డ్రైవరు), ఇంటిపేర్లలో వెబ్‌స్టర్, బాక్స్‌టర్. 3. (16వ శ. నుంచి, నామవాచకాలకు చేరి) ఒక వ్యవహారంలో మునిగి తేలే వ్యక్తి, తరచు నిందార్థంలో, -గాడు: ట్రిక్‌స్టర్, గ్యాంగ్‌స్టర్, ఫ్రాడ్‌స్టర్. 4. వస్తువు, వాహనం, వెబ్‌సైటు: రోడ్‌స్టర్, న్యాప్‌స్టర్. ప్రత్యేకం: స్పిన్‌స్టర్ = వడికే స్త్రీ; 17వ శ. నుంచి చట్టపత్రాల్లో అవివాహిత.

#21 వ్యుత్పత్తి

చాలా బాగుంది. 3లో ఒక్కటి మార్చమని గట్టిగా కోరుతున్నాను. '-గాడు' పుంలింగం. ఫ్రాడ్‌స్టర్ ఆడమనిషి అయితే 'మోసగత్తె' అనాలి. అంటే ఇంగ్లీషు వదిలేసిన లింగభేదాన్ని తెలుగులో మళ్లీ తెస్తున్నాం. పైగా పనిని చెప్పే 'గాడు' (ఆటగాడు, అందగాడు) నిందకాదు, పేరు చివర చులకనగా చేరే 'గాడు' నింద. చదివేవాళ్లు ఏదనుకోవాలి?

తెలుగులో ఈ మూడో అర్థానికి కొలిచినట్టు సరిపోయే ప్రత్యయం '-కోరు'. ముఠాకోరు, జగడాలకోరు, తగాదాకోరు. నామవాచకానికే చేరుతుంది, లింగం లేదు, నింద ఉంది. ఇంగ్లీషు మూడో దశ లక్షణాలు మూడూ ఉన్నాయి. గ్యాంగ్‌స్టర్‌కు 'ముఠాకోరు' ఇవ్వండి. అయితే '-కోరు' అన్నిటికీ అతకదు. ఫ్రాడ్‌స్టర్‌కు 'మోసగాడు, మోసగత్తె' అని రెండూ ఇవ్వడమే మేలు. యంగ్‌స్టర్‌ను 3లో చేర్చకుండా విడిగా 'కుర్రవాళ్లు, యువత' అని ఇవ్వండి.

#22 మగ్గంగుంత

2లో టీమ్‌స్టర్‌కు 'లారీ డ్రైవరు' ఒక్కటే చాలదు. 'టీమ్' అంటే ఇక్కడ కాడికి కట్టిన ఎద్దులు, గుర్రాల జత. 18వ శతాబ్దంలో పుట్టినప్పుడు అది జత కట్టిన బండి తోలేవాడు. అమెరికాలో 1903లో ఏర్పడిన టీమ్‌స్టర్ల యూనియన్ చిహ్నంలో ఈరోజుకీ రెండు గుర్రాల తలలు ఉంటాయి. 'బండి తోలేవారు, (అమెరికా) లారీ డ్రైవరు' అని రాయండి.

#23 కోడ్‌వనం

హిప్‌స్టర్ ఎక్కడా లేదు, మన పిల్లలు ఎక్కువగా వెతికే మాట అదే. దానికి రెండు ఆరోపాలు కావాలి. మొదటిది 'హిప్' (కొత్త పోకడ తెలిసిన) + '-స్టర్', జాజ్ వాళ్ల మాట. 1938లో బ్యాండ్ నాయకుడు క్యాబ్ కాలోవే వేసిన చిన్న యాస నిఘంటువు పేరులో 'హెప్‌స్టర్' అని ఉంది, హిప్‌స్టర్ దాని వెంటే వచ్చింది. రెండోది 'హిప్' (తుంటి) + '-స్టర్', నడుము దగ్గర కాక తుంటి మీద నిలిచే ప్యాంటు, లోదుస్తు. బట్టల షాపు ప్యాకెట్ మీద కనిపించేది రెండోదే. అది 4వ అర్థం కిందికి వస్తుంది.

#24 పలక_బలపం

మూడూ మార్చాను. 3లో '-కోరు, -గాడు, -గత్తె' అని వరస. టీమ్‌స్టర్ దిద్దాను. హిప్‌స్టర్ రెండు ఆరోపాలుగా విడగొట్టాను. అచ్చుతప్పు గారూ, రేపు ప్రూఫు మీకు వస్తుంది. బాక్స్‌టర్‌లో 'క్స్' చెదరకుండా వచ్చిందో లేదో ఒకసారి చూడండి.

#25 అచ్చుతప్పు

చూస్తాను. డెక్‌స్టర్, బాక్స్‌టర్ అని రెండు రకాలుగా పడుతున్నాయి, సున్నా వెడల్పు ఖాళీ (అక్షరాలు అతుక్కోకుండా పెట్టే, కంటికి కనపడని గుర్తు) 'క్' తర్వాత ఒకచోట, 'స్' తర్వాత ఒకచోట ఉంది. రెండింటికీ '-స్టర్' విడిగా కనిపించేలా బాక్‌స్టర్, డెక్‌స్టర్ అని ఒకే పద్ధతి పెడదాం.